చుక్కలు లేని చందమామ

వినాయక చవితినాడు పొద్దున్నే లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయి, ఫొటోగ్రాఫర్ జగ్గారావు నేరుగా స్టూడియోలోకి వెళ్లి కొత్త తెర దింపి చూసుకున్నాడు. బయట ముసురు పట్టి ఉంది. అతని మనసూ ఏడాది పొడుగునా అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోజుకి అతను వేసుకున్న పథకం చాలా మామూలుది. చవితికి చోడవరం గుళ్లో వినాయకుణ్ణి చూడటానికి చుట్టుపక్కల ఊళ్లనుంచి బస్సుల్లోనూ బళ్లలోనూ జనం దిగుతారు. దర్శనం అయ్యాక ఫొటో దిగందే తిరిగి వెళ్లరు. వాళ్లలో కొందరు తన గుమ్మం ఎక్కితే స్టూడియో నిలబడుతుంది. ఎక్కకపోతే తలుపులు మూసేసి విశాఖపట్నం పోయి, బావమరిది సత్యారావు స్టూడియోలో పనికి కుదరాలి. సత్యారావుకి కెమెరా పట్టుకోవడం నేర్పింది జగ్గారావే. నేర్చుకునే రోజుల్లో చెవి మెలిపెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు వాడి కింద పనిచేయడమనే మాట తలుచుకుంటేనే అతనికి అన్నం సహించేది కాదు.

ఇంత కష్టం రావడానికి కారణం బజారు చివర వెలిసిన కొత్త స్టూడియో. అందులో కాశ్మీరు సరస్సు తెర ఉంది, ఎక్కి కూర్చోవడానికి చెక్క విమానం ఉంది. జగ్గారావు దగ్గర ఉన్నది ఒక పూలకుండీ, వెనక రెండు స్తంభాలు. స్తంభాల పక్కన నిలబడే ఓపిక చోడవరం జనానికి ఎప్పుడో పోయింది.

అలాంటి సమయంలో, ఆ ఏడు జూలైలో, మనుషులు చంద్రుడి మీద దిగారు. పేపర్లో పడ్డ బొమ్మల్ని జగ్గారావు కత్తిరించి చీకటిగది తలుపుకి అంటించుకున్నాడు. బూడిదరంగు నేల, కాటుకలాంటి ఆకాశం. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. చుక్కలు ఎందుకు లేవని ఊరంతా విడ్డూరంగా చెప్పుకున్నారు గానీ, అతనికి మాత్రం చూడగానే తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం సున్నం కొట్టిన గోడ ముందు మనిషిని నిలబెడితే లెన్సు రెప్పపాటు కూడా తెరవకూడదు. ఆ కాస్త సేపట్లో మిణుకుమిణుకుమనేవి ఫిల్ముకి అందవు. చంద్రుడి నేలా అలాగే ఎండలో మెరుస్తోంది. చుక్కలు ఉన్నాయి, పడలేదు, అంతే. ప్రపంచంలో జరిగిన ఇంత పెద్ద సంగతి తన వృత్తిలోంచే బోధపడేసరికి అతను పొంగిపోయాడు. పొంగిపోవడం ఆ ఇంటికి ఎప్పుడూ అచ్చిరాలేదు.

వెంటనే నాటకాలకి తెరలు గీసే దాసుని పిలిపించి చంద్రమండలం గీయమన్నాడు. దాసు నేల గీసి, ఆకాశం గీసి, చేతి అలవాటు కొద్దీ చుక్కలు పెట్టాడు. జగ్గారావు దగ్గరుండి వాటి మీద నల్లరంగు పూయించాడు.

"నచ్చత్రాలు లేకుండా నేనెప్పుడూ రేత్రి గీయలేదు బాబూ," అన్నాడు దాసు.

"అది రాత్రి కాదు దాసూ. అక్కడ ఎండ కాస్తంది."

దాసు ఆ నల్లటి ఆకాశాన్ని ఒకసారి, జగ్గారావు మొహాన్ని ఒకసారి చూసి, కుంచెలు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు చవితి పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకొచ్చిన భార్య రాజ్యం తెర ముందు ఆగిపోయింది.

"చవితిపూట చందమామేటండి? చూస్తే నిందలు పడతాయి కదా. రేపు కట్టండి."

"రేపు జనమెక్కడుంటారే? అయినా చందమామ మీద నిలబడినోడికి చందమామ కనిపించదు. కాళ్ల కింద నేల కనిపిస్తాది. వీధిలో నిలబడితే నీకు భూగోళం కనిపిస్తందా?"

"పోనీ, నాలుగు చుక్కలైనా పెట్టండి. ఆకాశం బోసిగా ఉంది. సున్నం, చీపురుపుల్ల నేనిస్తాను."

"చుక్కలు పెడితే అబద్ధమైపోతాది."

"ఆ కొత్త స్టూడియో అతను నిజంగా కాశ్మీరం తెచ్చి పెట్టేడేటి?"

జగ్గారావు లెన్సు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషని రాజ్యానికి పెళ్లైన కొత్తలోనే తెలుసు కాబట్టి లోపలికి వెళ్లిపోయింది.

పొద్దెక్కేసరికి జనం రానే వచ్చారు. గుమ్మం దాకా వచ్చి ఆగారు.

"ఇదేటి బాబూ?"

"చందమామ."

"మరి నచ్చత్రాలేవి?"

"ఉంటాయి గానీ ఫొటోలో పడవు."

"అయితే మీకు తీయడం రాదన్నమాట."

ఆ మాట అనేసి విమానం ఎక్కడానికి వెళ్లిపోయేవారు. జగ్గారావు మొదట్లో సున్నం గోడ సంగతి పూర్తిగా వివరించాడు. తర్వాత సగమే వివరించాడు. మధ్యాహ్నానికి వివరించడం మానేసి స్టూలు మీద కూర్చున్నాడు. విశాఖపట్నం ఒక్కో గంటకీ ఒక్కో మైలు దగ్గరకి జరుగుతున్నట్టు అతనికి అనిపించింది.

అప్పుడు వచ్చాడు పరదేశి. చీడికాడలో చెరుకు రైతు. వెంట తల్లి సన్యాసమ్మ, కొత్త పెళ్లాం గున్నమ్మ ఉన్నారు. విమానం దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని గున్నమ్మ ఇటు లాక్కొచ్చింది. ఆ సంగతి చెప్పకపోవడం వల్ల జగ్గారావుకి ప్రాణం లేచివచ్చింది. ముగ్గుర్నీ నిలబెట్టి, ఉన్న రెండు పెద్దలైట్లూ ముందునుంచి వేసి, కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని, అందులోంచే చంద్రుడి మీద చుక్కలు ఎందుకు కనిపించవో మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. గున్నమ్మ నవ్వు ఆపుకుంది. నవ్వు ఆపుకున్న మొహం ఫొటోకి చాలా బాగుంటుంది.

సాయంత్రం చీకటిగదిలో మందునీళ్లలోంచి ఆ ఫొటో మెల్లగా తేలింది. ముందు చీర అంచు, తర్వాత పరదేశి చొక్కా, తర్వాత మొహాలు తేలాయి. అక్కడితో ఆగిపోయింది. నల్లటి జుట్టు నల్లటి ఆకాశంలో కలిసిపోయింది. నెరిసిన జుట్టు కాబట్టి సన్యాసమ్మ తల నిక్షేపంగా ఉంది. కొత్త దంపతులిద్దరికీ మాత్రం నున్నగా గుండ్లు. సింహాచలం వెళ్లకుండానే మొక్కు తీరిపోయింది. చుక్కల గురించి ఆలోచిస్తూ జుట్టు గురించి మరిచిపోయానని తెలుసుకుని జగ్గారావు ఆ చీకట్లోనే చాలాసేపు కూర్చున్నాడు. రాజ్యం అడిగిన చుక్కలు పెట్టి ఉంటే తలల అంచైనా తెలిసేది.

ఫొటో ఇస్తానన్న రోజు వచ్చింది. మళ్లీ ఊరికే తీసి ఇస్తానని చెప్పుకుందామనుకున్నాడు. కానీ పరదేశి గుమ్మం ఎక్కిన తీరే వేరుగా ఉంది. వెనక తల్లి, ఆమె వెనక ఇంకో పాతికమంది ఉన్నారు.

"మా పక్కింటోళ్ల మేక పోయింది," అన్నాడు పరదేశి. "నేను కోసుకు తినేసేనంటన్నారు. పుట్టి బుద్ధెరిగేక ఒకరి మేకని ముట్టుకున్నోణ్ణి కాదు. కథ ఇనకుండా, అచ్చింతలు నెత్తిన ఏసుకోకుండా గుడికని వచ్చేసేం. నువ్వు చవితిపూట మాకు సందమామని సూపించేవు."

వెనకున్నవాళ్లకీ అదే బాధ. సైకిలు పంపు పోయినందుకు ఒకణ్ణి అనుమానించారు. ఒకడు గుమ్మంలోంచి తెర చూసి వెళ్లిపోయినవాడు, పక్కవాడి కొబ్బరికాయలు దింపాడని మాట పడ్డాడు. పాలల్లో నీళ్లు కలుపుతాడని ఊరంతా ఎరిగిన పాలవాడు కూడా వచ్చి, ఈ తెర చూసిన దగ్గర్నుంచే తన మీద ఈ అపవాదు పుట్టిందని కళ్లొత్తుకున్నాడు. అసలు స్టూడియో వైపే రానివాళ్లు కూడా, ఇంట్లో భార్యలు ఏదో అడిగేసరికి, ఈ తెరనే చూపించుకుని బయటపడుతున్నారని తేలింది.

"తెర తగలెట్టేయాలి," అన్నాడు పాలవాడు. "దుకాణం మూయించాలి."

దుకాణం మూయడమంటే జగ్గారావుకి కనిపించేది సత్యారావు మొహమే. "అది చందమామే గానీ..." అని మొదలుపెట్టబోయాడు. అప్పుడు లోపలి గుమ్మంలోంచి రాజ్యం అడ్డం వచ్చింది.

"బాబూ, ఒక్క మాట. చందమామ ఉన్నకాడ చుక్కలుంటాయా, ఉండవా?"

"ఉంటాయి," అన్నారు అందరూ.

"మరి ఇందులో ఒక్కటైనా ఉందేటి? చుక్కలేవని చవితినాడు మీరే అడిగేరు కదా. చుక్కలు లేకపోతే అది ఆకాశమెలాగవుతాది? ఆకాశం కాకపోతే చందమామ ఎక్కణ్ణించొస్తాది?"

జనం ఆలోచనలో పడ్డారు. పరదేశి జగ్గారావు వైపు తిరిగాడు.

"నిజమేనా బాబూ? ఇది సందమామ కాదా?"

రాజ్యం భర్త మొహంలోకి చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది. జగ్గారావు తెర వైపు చూశాడు. అంత నిజమైన చందమామ ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు. ఆ సంగతి తెలిసినవాడు తానొక్కడే.

"కాదు," అన్నాడు.

జనం తేలికపడ్డారు. నిందలకీ తెరకీ సంబంధం లేదని తేలిపోవడంతో పాలవాడొక్కడే దిగాలుపడ్డాడు. స్టూడియో గండం గట్టెక్కిందని రాజ్యం ఊపిరి పీల్చుకుంది. ఇంతవరకూ మాట్లాడని సన్యాసమ్మ అప్పుడు తెర దగ్గరకి నడిచి, ఆ బూడిదనేలనీ చుక్కలేని చీకటినీ తేరిపార చూసింది.

"సందమామ కాకపోతే మరిదేటి బాబూ?"

చెప్పగలిగిన ఒక్క మాటా జగ్గారావు ఇప్పుడే వదులుకున్నాడు.

"బూడిద," అంది సన్యాసమ్మ. "గుంతలు. మనిషి లేడు, మాను లేదు. ఇది వల్లకాడు." ఆమె వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "మా ఫొటో ఇలాగియ్యి."

ఇవ్వకుండా ఉండటానికి అతనికి దారి దొరకలేదు. ఆమె కవరు విప్పి కొడుకు గుండునీ కోడలి గుండునీ చూసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ క్షణంలో జగ్గారావుకి తెలిసింది. సన్యాసమ్మ అరవలేదు, తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"పెళ్లై నెల్లాళ్లు కాలేదు బాబూ," అంది. "నా కోడల్ని వల్లకాట్లో నిలబెట్టి జుట్టు తీసేసేవు."

ఆ మర్నాటినుంచి ఫొటోల మాట అటుంచి, ఆ గుమ్మం ముందునుంచి నడవడం కూడా జనం మానేశారు. పసిపిల్లల తల్లులు వీధికి అవతలి పక్కనుంచి పోయేవారు. మేక దానంతట అదే తిరిగొచ్చిందని ఎవరో చెప్పారు గానీ, దానివల్ల స్టూడియోకి ఒరిగిందేమీ లేదు. దాసు వచ్చి తెర చుట్టుకుపోయి, కాటిసీనుకని నాటకాలవాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లకది బ్రహ్మాండంగా కుదిరిందట. దసరా ముందు జగ్గారావు దంపతులు రెండు పెట్టెలతో విశాఖపట్నం బస్సెక్కారు.

సత్యారావు స్టూడియో పూర్ణా మార్కెట్టు దగ్గర. అక్కడా చందమామ తెర ఉంది. దాని ముందు ఫొటో దిగడానికి జనం వీధి దాకా నిలబడుతున్నారు. ఆకాశం నిండా వెండి చుక్కలు ఉన్నాయి. చాలవన్నట్టు ఒక మూల నెలవంక కూడా ఉంది. చంద్రుడి మీద నిలబడితే ఆకాశంలో ఇంకో చంద్రుడు ఎలా ఉంటాడని జగ్గారావు అడగబోయి, అడిగే చోటు ఇది కాదని ఊరుకున్నాడు.

దసరానాడు పరదేశి, గున్నమ్మ ఆ తెర ముందుకొచ్చి నిలబడ్డారు. జగ్గారావు నల్లగుడ్డ కింద ఉన్నాడు కాబట్టి వాళ్లకి మొహం కనిపించలేదు.

"సూసేవేటే," అన్నాడు పరదేశి పెళ్లాంతో. "ఇదీ సందమామంటే. సోడవరంలో ఆయనకి పాపం తెలీదు."

గుడ్డలోంచి "కదలకండి," అని వినిపించింది.

వెండిరంగు పాతబడటంతో ఫొటోలో చుక్కలు పడలేదు. సత్యారావు నెగెటివ్ తెచ్చి దీపం ముందు పెట్టాడు. "దీని మీద సిరాతో చుక్కలు పెట్టెయ్ బావా. ఖాళీ ఉండకూడదు." నెగెటివ్ మీద నల్లగా పెట్టింది అచ్చులో తెల్లగా పడుతుంది కాబట్టి జగ్గారావు సన్నకుంచె పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో చుక్కా పెడుతున్నప్పుడు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. గున్నమ్మ తల దగ్గరకొచ్చాక నెమ్మదించి, పాపిడి నుంచి జడ దాకా ఒక్క వెంట్రుకనీ తాకకుండా, అంచు వెంబడే వరసగా పెట్టుకుంటూ వచ్చాడు. అచ్చులో ఆ పిల్ల జుట్టు ఎంతుందో అంతా కనిపించింది.

నక్షత్రాలు పెట్టడంలో తన బావంత పనివాడు జిల్లాలోనే లేడని సత్యారావు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.