అధికారికంగా దారిలోనే ఉన్న రైలు

లోకంలో ఏ రైలైనా ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది గాని, కొండలైను నారోగేజి రైలు మాత్రం చేరడానికి వీల్లేదు. ఆ లైను మూసేసిన రోజున, ఆఖరి రైలు సగం దారిలో ఉండగానే, అది చేరవలసిన స్టేషనును రద్దు చేశారు. (ముందు రైలును చేరనిచ్చి తరవాత స్టేషను మూయాలని ఎవరికీ తోచలేదనుకోకండి. రైలు ఒక విభాగానిది, స్టేషను ఇంకో విభాగానిది.)

చరిత్ర చెప్పే టీచరమ్మకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ రైలు నడిపింది ఆవిడ భర్తే.

లైను చరిత్ర చిన్నది. తెల్లదొరల కాలంలో ఒక దొరసానికి కొండ మీద చల్లగా ఉంటుందనిపించింది. ఆవిడ పియానోను పైకి చేర్చడానికి రైలుమార్గం వేశారు. పట్టాల మధ్య దూరం మీద వాదోపవాదాలు జరిగి, చివరికి పియానోను కొలిచి తేల్చారు. కొన్నాళ్ళకు దొరసాని వెళ్ళిపోయింది, పియానో వెళ్ళిపోయింది, ఆ తరవాత దొరలే వెళ్ళిపోయారు. నిబంధనల పుస్తకం మాత్రం ఉండిపోయింది. మనవాళ్ళు దానికి కొత్త అట్ట వేయించారు.

ఆ పుస్తకంలో అన్నిటికన్నా గట్టి నిబంధన టోకెన్‌ది. ఒకే లైను కాబట్టి రెండు రైళ్ళు ఎదురుపడకుండా, పేము వలయానికి కట్టిన ఇనుప బంతి ఒకటి డ్రైవరుకు ఇచ్చి పంపుతారు. అదే టోకెన్. అది ఎవరి దగ్గరుంటే దారి వాళ్ళది. అవతలి స్టేషనులో డ్రైవరు దాన్ని స్వయంగా స్టేషను మాస్టరు చేతికి అందిస్తూ "ఇస్తున్నాను" అనాలి. మాస్టరు "అందింది" అనాలి. ఆ మాట వినబడేదాకా డ్రైవరు చెయ్యి వదలకూడదు. అప్పటిదాకా రైలు చేరినట్టూ కాదు, డ్రైవరు డ్యూటీ దిగినట్టూ కాదు.

ఉద్యోగమంతా ఇదే పని చేసిన మనిషికి ఇంట్లోనూ అదే అలవాటయింది. తాళంచెవి ఇచ్చినా, ఉప్పుడబ్బా ఇచ్చినా ఆయన "ఇస్తున్నాను" అనేవారు. జవాబు రాకపోతే అలాగే పట్టుకుని నిలబడేవారు. "అందింది, వదలండి మహానుభావా, వేళ్ళు కాలుతున్నాయి!" అని టీగ్లాసు దగ్గర టీచరమ్మ ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు.

ఆఖరిరోజున ఆయన రైలు ఆపి, అలవాటుగా చెయ్యి చాచారు. అందుకోవడానికి ఎవరూ లేరు. మాస్టరు ఆ మధ్యాహ్నమే మెడలో దండతో ఇంటికి వెళ్ళిపోయాడు. తలుపుకు తాళం. ఇంకొకరైతే బంతిని కిటికీలోంచి లోపలికి విసిరి చేతులు దులుపుకునేవారు. ఈయన దాన్ని భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చి, తలుపు వెనక మేకుకు వేలాడదీశారు.

"ఏమిటది?" అంది టీచరమ్మ.

"రైలు. ఇంకా చేరలేదు."

తరవాత పట్టాలు పీకేశారు. స్టేషనులో పంక్చర్లు వేసే కొట్టు వెలిసింది. ఆయన మాత్రం మేకు కేసి చూసి, "అది ఇచ్చెయ్యాలోయ్" అంటూనే ఉన్నారు. ఏడాది తిరక్కుండా మంచం పట్టారు. ఆసుపత్రిలో, వెళ్ళిపోయే ముందు, ఉత్త చెయ్యి చాచి, "ఇస్తున్నాను" అన్నారు.

టీచరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్ళాక చూద్దాం లెండి" అంది.

నెల పోయాక ఆవిడ టోకెన్ సంచిలో వేసుకుని, మరిదిని వెంటబెట్టుకుని చేరిక ధ్రువీకరణ అధికారి దగ్గరకు వెళ్ళింది. (రైళ్ళు వాటంతటవే చేరిపోతుంటే క్రమశిక్షణ ఉండదని ఈ పదవిని సృష్టించారు.)

"డ్రైవరుగారేరీ?" అన్నాడు అధికారి.

"పోయారండి."

"ఎలా పోతారమ్మా, డ్యూటీలో ఉంటే?" అతను కంప్యూటరు ఇటు తిప్పాడు. తెర మీద, పంక్చర్ల కొట్టుకు కాస్త ఇవతల, ఒక పచ్చచుక్క మిణుకుమంటోంది. "అదిగో, వస్తూనే ఉన్నారు. కాస్త ఆలస్యం."

"పట్టాలే లేవు కదా సార్!" అన్నాడు మరిది.

"పట్టాలు వేరే సెక్షన్. నేను చూసేది రైలు."

"మా అన్నయ్య లేడు సార్, నా మాట నమ్మండి."

"మరి రైలెవరు నడుపుతున్నట్టు?"

టీచరమ్మ టోకెన్ బల్ల మీదికి చాచింది. "మీరు 'అందింది' అనండి, చాలు. ఆయన డ్యూటీ దిగుతారు."

అధికారి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "అమ్మమ్మో, దూరంగా పట్టుకోండి! డ్రైవరు చేతిలోంచి మాస్టరు చేతిలోకి, అంతే. మధ్యలో నేను ముట్టుకుంటే రైలు దోపిడీ కిందికొస్తుంది."

"మాస్టరు పదవి మీరే తీసేశారుగా?"

"అందుకే కదమ్మా ఆలస్యం."

అయితే ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. లైనును వారసత్వ సంపదగా ప్రకటిస్తూ మ్యూజియం కట్టించింది. తీరా ప్రారంభోత్సవం దగ్గర పడ్డాక, దారిలో ఉన్న రైలు చరిత్ర కిందికి రాదని ఎవరో అభ్యంతరం లేవదీశారు. కనుక రైలును చేర్పించాలని నిశ్చయించారు. ప్లైవుడ్డు ఇంజను చేయించారు, దాన్ని తొయ్యడానికి నలుగురిని పెట్టారు, ఒక నాటకాల నటుడికి మాస్టరు కోటు తొడిగారు. బడిపిల్లలు జెండాలూపాలి కాబట్టి వాళ్ళ వెంట టీచరమ్మ కూడా వెళ్ళింది.

మంత్రిగారు డ్రైవరు టోపీతో దిగి, రంగేసిన చెక్కబంతి చాచి, మైకులో "ఇస్తున్నాను" అన్నారు. నటుడు కంగారులో మాట మరిచిపోయి, "ధన్యవాదాలు సార్" అన్నాడు. చప్పట్లు మోగాయి. అక్కడ ఆఫీసులో, అధికారి తెర మీద పచ్చచుక్క ఆరిపోయింది. ఆ లైను మీద ఆఖరి రైలు నడిపినవారిగా మంత్రిగారి పేరు మర్నాడే రాతిపలక మీద చెక్కారు.

వారం తిరక్కుండా అధికారి ఫోను చేశాడు.

"ఆఖరి రైలు మంత్రిగారు నడిపారు కదమ్మా, మరి ఆ రోజు మీ ఆయన డ్యూటీకి ఎందుకు రానట్టు? చెప్పాపెట్టకుండా మానేశారని తేలింది. స్వయంగా వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమనండి."

"అలాగే చెబుతానండి," అంది టీచరమ్మ.

విన్న మరిది మండిపడ్డాడు. "ఇంకా ఎందుకు వదినా ఆ దరిద్రం! పాతసామాన్లవాడికి పడేద్దాం."

"నువ్వు అందుకుంటావా?" అని ఆవిడ మేకు మీది టోకెన్ తీసి చాచింది.

అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేనెవర్ని వదినా..."

టీచరమ్మ దాన్ని కొంగుతో తుడిచి, మళ్ళీ తలుపు వెనక తగిలించింది.

మ్యూజియంలో ఇంత సభ జరిగినా "అందింది" అన్న మాట ఎవరూ అనలేదు. ఆసుపత్రిలో ఆవిడా అనలేదు. అది ఇంకా అనవలసే ఉంది.