వేటగాడి ఎడమ చెంప

ఆ ఉదయం మేకప్ మాస్టారి పథకం చాలా చిన్నది. ఆకాశం నుంచి దిగిన వేటగాడి చెంప మీద గాటు వేయడం, టీ తాగడం, సాయంత్రం నిర్మాత వచ్చేదాకా ఎవరి కంటా పడకుండా ఉండటం.

నిర్మాత రాకకు కారణం ఉంది. గ్రహాంతర వేటగాళ్ల సినిమా రెండు భాగాలు బాగా ఆడాయి. మూడోది చివరికొచ్చింది. నాలుగో భాగంలో వేటగాణ్ని కంప్యూటర్లో గీయించాలా, మాస్టారికే వదిలేయాలా అన్నది ఈ రోజు తీసిన సన్నివేశాలు చూసి ఆయన తేల్చేస్తాడు. ఒక్క తప్పు కనిపించినా మాస్టారు బ్రష్షులూ జిగురూ సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

సరిగ్గా ఆ ఉదయమే ఆయన మెడ పట్టేసింది.

"నువ్వే వెయ్యవే గాటు," అన్నాడు, సహాయకురాలిగా పనిచేస్తున్న భార్యతో. "అద్దానికి ఫొటో అంటించి ఉంది. అందులో ఉన్నట్టు దించెయ్. అంతే."

"ఇన్నేళ్లూ ఆ మొహం ముట్టుకోనిచ్చారా? మెడ పట్టేస్తే గానీ నేను గుర్తు రాలేదు," అంటూ ఆమె ఫొటో ఊడదీసి చేత్తో పట్టుకుంది. వేటగాడి వేషం కట్టిన పొడుగాటి మనిషికి ఎదురుగా నిలబడి, వెంట్రుకవాసి తేడా లేకుండా గాటు దించింది. మాస్టారు బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తున్నాడు.

తర్వాత పోరాటం తీశారు. గోదాం సెట్టు పేలిపోయింది. వేటగాడు మంటల్లోంచి దూకి హీరో ఎడమ భుజం చీల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వేటగాడు తిరిగొచ్చి ఎదురుగా నిలబడినప్పుడు మాస్టారు టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టేశాడు.

"ఎడమ చెంప గాటు కుడి చెంపకి ఎందుకు పోయిందే?"

"ఫొటోలో ఎలా ఉందో అలాగే వేశానండీ!"

ఫొటో అలాగే ఉంది. లోపం అక్కడే. మాస్టారు ఎప్పుడూ నటుడి వెనక నిలబడి, అద్దంలో చూసుకుంటూ పని చేస్తాడు. అద్దంలో బొమ్మతో సరిపోవాలని ఫొటోను ఎప్పుడో తిరగేసి ప్రింటు వేయించుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు.

"చెప్పొచ్చుగా?"

"అడగొచ్చుగా?"

"పట్టేసింది మెడా, నోరా?" అందామె.

మళ్లీ తీద్దామంటే గోదాం బూడిదైపోయింది. ఆమె ఎడిటింగ్ గదిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"అక్కా, ముందు ఏడుపాపు."

"ఏడుస్తున్నది మీ బావ."

తమ్ముడు ఉపాయం చెప్పాడు. పొద్దుటి బొమ్మంతా అడ్డంగా తిరగేస్తాడు. కుడి ఎడమవుతుంది. ఎవరికీ తెలియదు.

"గోడ మీద 'ప్రమాదం' అని ఇంతింత అక్షరాలున్నాయి కదరా?" అన్నాడు మాస్టారు ఫోన్ లాక్కుని.

"తిరగబడితే వేటగాళ్ల భాష అనుకుంటారులే బావా."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె పీల్చుకోలేదు. బొమ్మ తిరగబడితే హీరో గాయం కూడా కుడి భుజానికి పోతుంది. మధ్యాహ్నం సన్నివేశంలో అదే గాయంతో అతను కనిపించాలి. ఆమె నెత్తురు రంగు తీసుకుని హీరో దగ్గరికి పరుగెత్తింది.

"ఇందాక తగిలింది ఎడమ భుజానికి కదక్కా?" అన్నాడు హీరో.

"నొప్పి పాకుతుంది బాబూ. కదలకు."

"మరి తుపాకీ?"

"ఎడం చేత్తో పట్టుకో. పాపిట కూడా ఇటు తిప్పుతాను."

"పాపిటా! మా అమ్మ కూడా నన్ను గుర్తుపట్టదు!"

"అమ్మగారికి నేను ఫోన్ చేసి చెబుతాలే."

వేటగాడి గాటు చెరిపి ఎడమ చెంప మీద మళ్లీ వేసింది. దర్శకుడు ఇదంతా చూశాడు. ఏమీ అనలేదు. మాస్టారికి భయం వేసింది అందుకే.

సాయంత్రం చిన్న గదిలో దీపాలు ఆర్పారు. నిర్మాత ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద గోదాం పేలింది. మంటల్లోంచి వేటగాడు దూకాడు. గాటు కుడి చెంప మీదే ఉంది.

"తిరగెయ్యలేదేంరా?" అన్నాడు మాస్టారు, పక్కనే కూర్చున్న బావమరిదితో.

"నా చేత్తో తిరగేశాను బావా!"

ముందు కుర్చీలోంచి దర్శకుడి తల మెల్లగా వెనక్కి తిరిగింది. "నువ్వూ తిరగేశావా?"

పొద్దున గోదాం పేలిపోయాక ఆ గాటు ఆయన కంటా పడింది. నిర్మాతకు జడిసి, ఎడిటింగ్ గదిలోని ఇంకో మనిషికి రహస్యంగా ఫోన్ చేసి, బొమ్మ తిరగేయించాడు. మధ్యాహ్నం గాయం మారితే, తన ఉపాయం ఎలాగో తెలిసి మాస్టారు సర్దుకుంటున్నాడని సంతోషించాడు. రెండుసార్లు తిరిగిన బొమ్మ మొదటికొచ్చింది.

తెర మీద మధ్యాహ్నం మొదలైంది. గాటు ఎడమ చెంపన. గాయం కుడి భుజాన. పాపిట అటు. తుపాకీ ఇటు.

దీపాలు వెలిగాయి. నిర్మాత లేచి వెనక్కి తిరిగాడు.

"ఇదెవరి పని?"

మాస్టారు లేవబోయాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, తనే లేచి నిలబడింది. "గాటు వేసింది నేనేనండీ. రెండు చోట్లా."

"ఇద్దరు వేటగాళ్లు!" అన్నాడు నిర్మాత. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇద్దరు హీరోలు! కవలలకు కవలలు ఎదురుపడ్డారా? ఇంత కథ నా దగ్గర దాస్తారా?"

దర్శకుడు వినయంగా తల దించుకున్నాడు.

"కంప్యూటర్‌కి పుడుతుందా ఈ ఊహ? నాలుగో భాగం చేతి మేకప్పే." నిర్మాత ఆమెకు నమస్కారం పెట్టాడు. "మేకప్ చీఫ్ మీరే అమ్మా. మీకొక అసిస్టెంటుని పెట్టుకోండి."

ఆమె పెట్టుకున్న అసిస్టెంటుకి అనుభవం ఎక్కువ, మాట వినడం తక్కువ అని యూనిట్‌లో చెప్పుకుంటారు.