గులాబీ రంగుకు నాలుగు సంతకాలు

మనిషికి నొప్పి ఎలాగైనా రావచ్చు గానీ, అది తగ్గడం మాత్రం నిబంధనల ప్రకారమే జరగాలి. మందుల పరీక్షా కేంద్రం గోడ మీద ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. (లిఫ్టు పనిచేయదన్న మాట దాని కిందే చిన్న అక్షరాలతో ఉంటుంది.)

మా అక్కకు మోకాళ్ల నొప్పులు. ఆస్పత్రి గదిలో ఆస్పిరిన్ పెట్టెలు పైకప్పును తాకుతున్నాయి. కానీ ఆ సరుకు స్వచ్ఛమైనదేనని పరీక్షా కేంద్రం చెప్పేదాకా సీలు తీయరు. చెప్పాల్సిన కెమిస్టు ఎవరో కాదు, అక్క మొగుడే. "ఆయన పక్కనే కూర్చో. పని తేలేదాకా కదిలావో, నీ కాళ్లు కూడా నా కాళ్లలాగే చేస్తా," అని అక్క నన్ను తోలింది.

పరీక్ష చూస్తే పిల్లలాట. బావ మాత్రలు పొడి చేసి స్పిరిటులో కరిగించాడు. రంగుమందు రెండు చుక్కలు వేశాడు. పైన నిలబెట్టిన గాజుగొట్టంలోంచి సోడా నీళ్లు (తాగే సోడా కాదు, అడిగి తిట్లు తిన్నాను) చుక్కచుక్కగా వదిలాడు. లోపలి మందంతా తీరిపోగానే నీళ్లు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. అక్కడ ఆపాలి. ఎంత సోడా పడితే అంత మందు ఉన్నట్టు లెక్క.

"తొంభై తొమ్మిది శాతం!" బావ మొహం వెలిగింది.

"ఇంకేం, రాసెయ్ బావా."

"నేను రాస్తే చెల్లదురా. గులాబీ వచ్చిందని నలుగురు చూసి సంతకం పెట్టాలి."

మొదట ప్రాథమిక వర్ణ పరిశీలకుడుగారు మూడో అంతస్తు నుంచి ఆయాసపడుతూ దిగారు. అప్పటికే రంగు వెలిసిపోయింది. గాలి తగిలితే ఆ రంగు నిలవదు.

"ఏదయ్యా గులాబీ?"

"ఇందాక ఉంది సార్."

"ఇందాక ఉన్నదానికి ఇప్పుడు సంతకం ఎలా పెడతాను?"

న్యాయమే. బావ మరికాస్త సోడా వదిలాడు. గులాబీ వచ్చింది, సంతకం పడింది, శాతం పెరిగింది.

రెండో అధికారి టీ తాగి వచ్చేసరికి మళ్లీ తెల్లనీళ్లే. మళ్లీ సోడా.

"నలుగుర్నీ ఒకేసారి పిలవచ్చుగా బావా?"

"కూడదు. ఒకరి చూపు ప్రభావం ఇంకొకరి చూపు మీద పడుతుందట. సర్క్యులర్ ఉంది."

"మీ పెళ్లికి కూడా ఇంతమంది సాక్షుల్ని అడగలేదు కదా బావా!"

"అడిగుంటే బాగుండేది. నోర్మూసుకో."

మూడో ఆయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయారు. తన కంటికి ఆనేదాకా పొయ్యమన్నారు. నాలుగో ఆయన, అంటే పెద్దసారు, సీసాను కిటికీ దగ్గర పెట్టి పెదవి విరిచారు.

"ఇది గులాబీయా? సిగ్గుపడ్డ నీళ్లలా ఉంది. ధైర్యంగా పొయ్యవయ్యా, ప్రభుత్వ పని!"

బావ ధైర్యంగా పోశాడు. నాలుగో సంతకం పడింది. లెక్క కడితే నూట ఏడు శాతం.

"నూటికి నూట ఏడేంటి బావా? ఆ ఏడు ఎక్కడివి?"

"నలుగురు పెద్దమనుషులు చూశారురా. ఆ మాత్రం పెరగదా?"

నూట ఐదు దాటిన సరుకును అతిస్వచ్ఛత నేరం కింద తగలబెట్టాలని నిబంధన. దానికి ఒక్క సంతకం చాలు. (ఆ అధికారి కింది అంతస్తులోనే కూర్చుంటారు.) సాయంత్రానికల్లా ఆస్పత్రి పెరట్లో పొగ లేచింది.

ఇంటికెళ్లేసరికి అక్క కాళ్లు స్టూలు మీద చాపుకుని కూర్చుంది.

"మాత్రలేవిరా?"

"అవి మరీ మంచివని తేలిందక్కా."

"మంచివైతే ఇవ్వాలిగా?"

బావ బూట్లు విప్పుకుంటూ, ఆఫీసు గొంతు ఇంకా మార్చకుండానే అన్నాడు: "అంత మంచివి మనుషులకివ్వడానికి రూలు ఒప్పుకోదే."