మావయ్యగారి చెత్త

పదింటికల్లా ఆఫీసు కంప్యూటర్ల కొత్త సర్వరు పని ముగించి, మావయ్యగారి చేత ఒక్కసారైనా మెప్పు పొందాలనుకుంటూ అల్లుడు ఆ ఉదయం ఇంట్లోంచి బయలుదేరాడు. ఆయన ఆ వీడియో ఎడిటింగ్ ఆఫీసులో అందరికన్నా పెద్ద ఎడిటరు. అల్లుడికి అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. పెళ్లయి ఐదేళ్లవుతున్నా ఆయన నోట "బాగుంది" అన్న మాట మాత్రం అల్లుడు వినలేదు.

ఆ ఆఫీసులో ఎవరి వీడియోలు వాళ్ల డిస్కుల్లో, ఎవరి డిస్కులు వాళ్ల సొరుగుల్లో ఉండేవి. ఇకపై అందరికీ ఉమ్మడిగా ఒకటే సర్వరు. ముఖ్యమైనవన్నీ నిన్నటికల్లా అందులోకి ఎక్కించమని, పాత డిస్కులు తుడిచేస్తానని అల్లుడు ముందే చెప్పాడు. సెలవులో ఉన్న మావయ్యగారి డిస్కు తెరిస్తే ఒకే ఒక్క ఫోల్డరు కనిపించింది. పేరు 'చెత్త'. ముఖ్యమైనవన్నీ ఎక్కించేసి చెత్త మాత్రమే మిగిల్చారనుకున్నాడు. ఇంత బుద్ధిగా మాట వినే మామగారు ఎవరికుంటారని మురిసిపోయి, ఆనవాలు కూడా మిగలకుండా రెండుసార్లు తుడిచాడు.

"అయ్యో, అది తుడిచేశారా?" అంది రంగులు సరిదిద్దే అమ్మాయి. "ఎవరూ ముట్టుకోకూడదని ఆ పేరు పెట్టుకున్నారండీ. మీ ఆవిడ చిన్నప్పటి నుంచి తీసినవన్నీ కూర్చి సినిమా చేస్తున్నారు, మీ పెళ్లిరోజుకని. పాత టేపులు బూజు పట్టాయని పారేశారు కూడా." ఇంకా ఏదో చెప్పబోయి, మిగతావాళ్ల వంక చూసి ఊరుకుంది.

అల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్యకు ఫోన్ చేసి, "మీ నాన్నగారిని ఇవాళ ఇటు రానీయకు, ఎందుకని అడక్కు" అన్నాడు. గొంతులో వణుకు విని ఆమె తల్లితో, "ఆయనకి ఒంట్లో బాగోలేదేమోనమ్మా" అంది. తల్లి నుంచి తండ్రికి చేరేసరికి ఆ కబురులో అల్లుడు కళ్లు తిరిగి పడిపోయాడు. అరగంటలో మావయ్యగారు ఒక కాలికి చెప్పుతో, రెండో కాలికి బూటుతో దిగారు. వెనకే గ్లూకోజు డబ్బాతో అత్తగారు, థర్మామీటరుతో భార్య.

"ఏమైంది బాబూ?" అంటూ ఆయన నుదుటి మీద చెయ్యి వేశారు. అల్లుడు ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

మావయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. కూతురు వేసిన తొలి అడుగు ఇక ఎక్కడా లేదు. అల్లుడి చెయ్యి పట్టుకుని, "పోనీండి బాబూ. దారంతా మీకేమైందోనని హడలిపోయాను. మీరు బాగున్నారు, చాలు" అన్నారు.

ఆ మాట విన్నాక గదిలో ఎవరికీ తలెత్తబుద్ధి కాలేదు. శబ్దం సరిచూసే ఆయన మెల్లగా లేచాడు. "సార్, నా దగ్గరొక కాపీ ఉంది. మీకు చెప్పకుండా తీసుకున్నాను, తప్పే. మనసు బాగోనప్పుడు చూసుకుంటుంటాను."

"నేనూ తీసుకున్నాను" అంది రంగుల అమ్మాయి. మిగిలిన నలుగురూ నేల చూపులు చూశారు.

సర్వరు తెరిచి చూస్తే, ముఖ్యమైనవని ఆరుగురూ విడివిడిగా ఎక్కించింది మావయ్యగారి చెత్తనే. కొత్త సర్వరు తొలిరోజే సగం నిండిపోయింది.

మీటింగు గదిలో సినిమా వేశారు. తొలి అడుగు అయింది, బడి అయింది, పెళ్లీ అయింది. అక్కడి నుంచి తెర నిండా అల్లుడే. బల్బు మారుస్తూ అల్లుడు, అత్తగారికి ఫోను నేర్పుతూ అల్లుడు, సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతూ అల్లుడు. ఐదేళ్లుగా ఆయన తననే చూస్తున్నారని అల్లుడికి అప్పుడు తెలిసింది. కళ్లజోడు తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాడు.

"నా సినిమాలో నేనేది నాన్నా?" అంది కూతురు.

"అల్లుడుగారికి చోటు చాలక, నిన్ను కాస్త తగ్గించానమ్మా" అన్నారు మావయ్యగారు.