డేగకన్ను గారి దూరదృష్టి

“జాతి ముందుకు సాగాలంటే ముందు చూపు బాగుండాలి! చూపు లేనివాడు ముందుకు సాగినకొద్దీ గోతికే దగ్గరవుతాడు!”

డ్రైవింగు లైసెన్సుల ఆఫీసు వార్షిక సమావేశంలో పరీక్షాధికారి ఈ మహావాక్యం పలకగానే చప్పట్లు మారుమోగాయి. చిట్టచివరి వరసలో చప్పట్లు కొడుతున్న ప్యూను చొక్కాకి మూడో బొత్తాం లేదన్న సంగతి ఆయన వేదిక మీంచే కనిపెట్టి, అక్కడికక్కడే మందలించాడు కూడా. అందుకే ఆయన్ని అందరూ డేగకన్ను గారంటారు. చాటున కాదు, మొహమ్మీదే అంటారు. ఆయన మురిసిపోతాడు.

అయితే ఆ రోజు ప్రసంగం రాసుకొచ్చిన కాగితం మాత్రం ఆయన జేబులోంచి బయటికి రాలేదు. తీసినా లాభం లేదు మరి!

ఆయనకి చత్వారం వచ్చి ఆరేళ్ళయింది. చత్వారం చాలా మర్యాద తెలిసిన జబ్బు. దూరంగా ఉన్నవాటి జోలికి పోదు. దగ్గరివాటినే పట్టుకుంటుంది, అచ్చం చుట్టాల్లాగా. డేగకన్ను గారు మోటారుసైకిలెక్కితే రోడ్డంతా కరతలామలకమే. కరతలంలో నిజంగా ఆమలకం పెడితే మాత్రం అది ఉసిరికాయో గోళీకాయో చెప్పలేడు. ఎదురుగా అర మైలు అవతల లారీ డ్రైవరు ఆవలిస్తే పళ్ళు లెక్కపెట్టగలడు. రెండు చేతుల మధ్యనున్న మీటరు మాత్రం గిన్నెలో పిండి కలిపినట్టు ఉంటుంది.

అలాగని ఆయన బండి నడపడం మానేశాడా? మానేస్తే అధికారి ఎలా అవుతాడు! వేగం కొలవడానికి సొంత పద్ధతి కనిపెట్టాడు. చొక్కా రెపరెపలాడితే నలభై. టపటపలాడితే అరవై. వెనక కూర్చున్న భార్య నడుం గిల్లితే ఎనభై. పెట్రోలు సంగతి తెలియాలంటే బండిని అటూ ఇటూ ఊపి, చెవి ఆనించి వినేవాడు. చేతులు బారచాపి, నడుం వెనక్కి వాల్చి, తల మరింత వెనక్కి విరిచి కూర్చుంటే ముల్లు కొంచెం ముల్లులాగా అవుపించేది. చూసేవాళ్ళకి అది రాజఠీవి! ఆ వీధి కుర్రకారు కూడా అలాగే కూర్చుని నడపడం మొదలెట్టి, మెడలు పట్టేసి కట్లు కట్టించుకున్నారు.

“చేతులు ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండేదేమో మీకు,” అంది ఒకరోజు భార్య, ఆయన పేపరుని గది అవతల గోడకి చేరేసి ఇవతల మంచం మీంచి చదవడం చూసి.

“నా చేతులకేం? పేపరువాళ్ళు అక్షరాలు చిన్నవి చేశారు. కాగితం పొదుపు!”

“అద్దాలు పెట్టుకుంటే తల తెగిపోతుందా అండీ?”

“తల తెగదు. పరువు తెగుతుంది! డేగ ఎక్కడైనా కళ్ళద్దాలు పెట్టుకుంటుందే?”

“డేగ పేపరు చదవదు కదండీ,” అంది ఆవిడ.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు పేవుమెంటు మీద అమ్మే అద్దాలజోడొకటి రహస్యంగా కొని, రుమాల్లో చుట్టి, ఊరి చివర వీధిలో బండి మీద పెట్టుకు చూశాడు. ఆహా! మీటరు మీద ప్రతి అంకే ముత్యంలా కనబడింది. ముప్ఫై రెండు! ముప్ఫై మూడు! ముప్ఫై అయిదు! పసిపిల్లాడు ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తూ తలెత్తితే రోడ్డు లేదు. రోడ్డున్న చోట పొగమంచు ఉంది. ఆ పొగమంచులో ఒక నిచ్చెన, నిచ్చెన కింద రంగు డబ్బా, నిచ్చెన మీద గోడకి రంగేస్తున్న పెయింటరూ ఉన్నారన్న సంగతి, డబ్బాలో ఎడమ కాలు పడ్డాకే తెలిసింది.

“కళ్ళు కనబడవా?” అని అరిచాడు పెయింటరు నిచ్చెనకి వేళ్ళాడుతూ.

మామూలుగా ఎవరైనా అనే మాటే అది. కాని డేగకన్ను గారు చప్పున అద్దాలు రుమాల్లో దాచేశాడు. వీడికెలా తెలిసింది? ఇంకెంతమందికి తెలుసు? మోకాలి దాకా నీలంరంగు కాలితో ఇల్లు చేరి, ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చాడు. దొంగని ఎవరూ అనుమానించకూడదంటే ముందుగా ‘దొంగ, దొంగ’ అని దొంగే అరవాలి!

వారంలో ఆఫీసు గోడ మీద కొత్త ఉత్తర్వు వెలిసింది. నలభై దాటిన ప్రతివారూ లైసెన్సు రెన్యువల్‌కి ముందు, ఆఫీసు బండి మీద నిటారుగా కూర్చుని, వంగకుండా, వాలకుండా, మీటరు మీది అంకెలు చదవాలి. అద్దాలు పెట్టుకోరాదు. పెట్టుకుని చదివితే చదివింది అద్దాలే గాని కళ్ళు కావు!

చదివినవి సరైనవో కావో పక్కన నిలబడి సరిచూసేది ఎవరయ్యా అంటే డేగకన్ను గారే. ఎలా? సులువే. తడబడినవాడు ఫెయిలు. తడబడనివాడు అబద్ధమైనా ధైర్యంగా చెప్పాడు కనక పాసు. ఆ లెక్కన ఎనిమిది నెలల్లో రెండు వందల పన్నెండు మంది నిజాయితీపరులు ఫెయిలయ్యారు.

అందులో ఒకామె నర్సమ్మ. ఇరవై ఏళ్ళుగా బండి మీద ఇల్లిల్లూ తిరిగి కాన్పులు చేసే మనిషి. మూడుసార్లు పరీక్షకొచ్చింది, మూడుసార్లూ ఉన్న మాట చెప్పింది.

“రోడ్డు భేషుగ్గా కనబడుతోంది సార్. మీటరే అలుక్కుపోతోంది. బండాపి అద్దాలు పెట్టుకుని చూసుకుంటాను.”

“రూలు ఒప్పుకోదమ్మా.”

“నడిచెళ్ళలేక చస్తున్నా సార్. మొన్న నేను చేరేసరికి బిడ్డే ఏడుస్తూ ఎదురొచ్చాడు!”

“ఈ విషయం రాతపూర్వకంగా నా దృష్టికి తీసుకురా.”

ఆమె అక్కడే అర్జీ రాసి ఆయన ముక్కు ముందు పెట్టింది.

“ఇంత దగ్గరగా కాదు. కాస్త దూరంగా నా దృష్టికి తీసుకురా,” అన్నాడాయన.

నర్సమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి వేసింది. గుమ్మం దాటాక ఆయనకి అక్షరాలు అందాయి. “ఆఁ! చదివాను. తిరస్కరించాను,” అన్నాడు తృప్తిగా.

ఈ పరీక్ష ఖ్యాతి పైదాకా పాకింది. ‘ఎంతటి దూరదృష్టి!’ అని పై ఆఫీసు మెచ్చుకుంది. రాష్ట్రమంతటా దీన్ని పెట్టాలని, పెట్టిన మనిషికి ప్రమోషను ఇవ్వాలని ఫైలు కదిలింది. కళ్ళారా చూసి సంతకం పెట్టడానికి పెద్దసారు స్వయంగా వస్తున్నారని కబురు! ముందుగా అధికారి తానే బండెక్కి మీటరు చదివి చూపించాలట!

డేగకన్ను గారు ముందురోజు సాయంత్రం ఆఫీసు బండిని రిక్షా ఎక్కించి ఇంటికి తెచ్చాడు. చక్రం తిరిగితే అంకె మారిపోదూ!

“ఇదిగో, ఒకసారి ఇలా రా. నీకు అంకెలు గుర్తున్నాయో లేదో చూద్దాం. ఈ కిలోమీటర్లు ఎన్నో చెప్పు?”

“ఇరవై ఎనిమిది వేల ఆరు వందల పద్నాలుగు,” అంది భార్య నవ్వాపుకుంటూ.

“పెట్రోలు?”

“సగం. ఏవండీ, ఇంత కష్టపడి అబద్ధం బట్టీ పట్టేకంటే—”

“అబద్ధం కాదు. ముందస్తు సన్నద్ధత!”

రాత్రి నిద్రలో కూడా ఆయన ‘ఇరవై ఎనిమిది వేల ఆరు వందల పద్నాలుగు’ అని జపిస్తూనే ఉన్నాడు.

పెద్దసారు వచ్చారు. పొట్టి మనిషి, పొడుగు కారు. మైదానంలో కుర్చీలు వేశారు. హెడ్ గుమస్తా, టైపిస్టు, తక్కిన సిబ్బంది నిటారుగా నిలబడ్డారు. నాలుగోసారి పరీక్షకని నర్సమ్మ కూడా వచ్చి ఓ మూల నిలబడింది. లైసెన్సు లేదు కనక ఎక్కకుండా, తన బండిని తానే రెండు మైళ్ళు తోసుకుంటూ వచ్చింది పాపం.

డేగకన్ను గారు ఠీవిగా ఆఫీసు బండి వైపు నడిచాడు.

“ఆగండాగండి!” అన్నారు పెద్దసారు. “రోజూ చూసే బండైతే అంకెలు కంఠతా వచ్చేసి ఉంటాయి. చూసేవాళ్ళకి అనుమానం రాకూడదు కదా! అదిగో, ఆ మూల బండి మీద కానివ్వండి.”

అందరూ నర్సమ్మ బండి వైపు తిరిగారు. నర్సమ్మ ఏదో చెప్పబోయింది. “నువ్వు మాట్లాడకమ్మా!” అని కసిరాడు హెడ్ గుమస్తా.

డేగకన్ను గారు ఎక్కి కూర్చున్నాడు. నిటారుగా, వంగకుండా, వాలకుండా. ఎదురుగా అద్దం కింద తెల్లగా గుండ్రంగా ఏదో ఉంది. దాని మీద చీమలబారు లాగా నల్లగా ఏవో ఉన్నాయి. చెమట కంట్లోకి జారింది.

“వేగం?” అన్నారు పెద్దసారు.

బండి స్టాండు మీదుంది కదా! “సున్నా!” అన్నాడు గట్టిగా.

చప్పట్లు!

“పెట్రోలు?”

“సగం!”

“కిలోమీటర్లు?”

ఇక దేవుడి మీద భారం. జపం చేసిన మంత్రమే నోటికొచ్చింది. “ఇరవై ఎనిమిది వేల ఆరు వందల పద్నాలుగు!”

పెద్దసారు లేచొచ్చి, మీటరు మీదికి వంగి, కనుబొమలు ముడిచి, తలెత్తారు. “అక్షరాలా నిజం!” అని ప్రకటించారు. హెడ్ గుమస్తా వంగి చూసి, “పద్నాలుగే సార్, పదిహేను కూడా కాదు!” అన్నాడు. టైపిస్టు వంగి చూసి, “చివర నాలుగు మరీ స్పష్టంగా ఉంది!” అంది. డేగకన్ను గారు తెల్లబోయాడు. బట్టీ పట్టిన అంకె నిజం కావడమేమిటి? తన కళ్ళు తిరిగి బాగుపడ్డాయా ఏమిటి కొంపదీసి!

“అయ్యా,” అంది నర్సమ్మ ఇక ఉండబట్టలేక, “ఆ బండికి మీటరు లేదండీ.”

వంగి చూసినవాళ్ళంతా మళ్ళీ వంగి చూశారు.

“పోయినేడే ఊడిపోయింది. పరీక్ష ఆఫీసు బండి మీదే కదా అని అలాగే వదిలేశా. ఆ కంతలో గుండ్రంగా కాగితం కత్తిరించి, ఎవరికి ఎప్పుడు నెలలు నిండుతాయో రాసి పెట్టుకున్నా.” సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుని వంగి చూసింది. “మీరు సగం పెట్రోలన్నది మూడో వీధి దర్జీగారి భార్య అండీ. ఆమెకి సగం కాదు, ట్యాంకు ఫుల్లు! ఇవాళో రేపో అన్నట్టుంది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే ముందు ఎవరి తప్పో తేలాలి కదా!

పెద్దసారు పెద్ద పదవికి ఊరికే రాలేదు. గొంతు సవరించుకుని, “శభాష్! ఇదే అసలు పరీక్ష!” అన్నారు. “మీటరు లేదని చెప్పే ధైర్యం ఎవరికుందో చూద్దామనే మేమంతా కూడబలుక్కున్నాం. ఈమె పాస్! కాగితాలు తీసుకురండి!”

ప్రాణం లేచొచ్చిన డేగకన్ను గారు గబగబా సంతకం గీకి, ఫారం ఆమె చేతికిచ్చాడు.

“సార్, ఇది దరఖాస్తుదారు సంతకం పెట్టే చోటండీ,” అంది నర్సమ్మ. “లైసెన్సు మీకు మీరే అడిగినట్టయింది.”

ఆయన మొహం చూస్తే ఆమెకి జాలేసింది. ఇరవై ఏళ్ళుగా రకరకాల నొప్పులు చూసిన మనిషి. ఇది ఏ నొప్పో గుర్తుపట్టింది. తన అద్దాలు తీసి ఆయన ముక్కు మీద పెట్టి, ఫారం తిరిగి చేతికిచ్చింది.

డేగకన్ను గారికి ఆరేళ్ళ తరవాత తన గోళ్ళు కనబడ్డాయి. గోళ్ళ కింద ఫారం కనబడింది. తాను వేల కొద్దీ సంతకాలు పెట్టిన ఫారమే! అడుగున సన్నటి అక్షరాలతో ఒక వాక్యముంది. పిల్లాడిలా పైకి చదివేశాడు: “దరఖాస్తుదారులు కళ్ళద్దాలు ధరించి పరీక్షకు హాజరు కావచ్చును.”

రెండు వందల పన్నెండు మంది ఒక్కసారిగా ఆయన గుండె మీద కూర్చున్నారు.

“ఏదీ, ఇటివ్వండి,” అన్నారు పెద్దసారు. అద్దాలు ఆయన ముక్కెక్కాయి. ఫారం చదివారు. తరవాత తన చేతి గడియారం చదివారు. తరవాత జేబులోంచి డైరీ తీసి చదవడం మొదలెట్టారు. “అరె! నా రాత ఇంత బాగుంటుందా!” హెడ్ గుమస్తా ఆయన భుజం మీంచి చెయ్యి చాచాడు. “సార్, ఒక్క నిమిషం ఇప్పిస్తే, రెండేళ్ళుగా ఒక ఫైలు...” వెనక టైపిస్టు. ఆవిడ వెనక లైను!

అప్పుడే నర్సమ్మ ఫోను మోగింది. దర్జీ! “వస్తున్నా బాబూ, వేడినీళ్ళు పెట్టు!” అని, “సార్, నా అద్దాలు ఇప్పించండి. బొడ్డు కొయ్యాలి,” అంది.

“ఆగమ్మా, ఒక్క పేజీ!” అన్నారు పెద్దసారు తలెత్తకుండా.

నర్సమ్మ ఆగలేదు. పెద్దసారు ముక్కు మీంచి అద్దాలు లాగి సంచిలో పడేసి, సరైన చోట సంతకం పెట్టించుకుని, బండి ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయింది. దర్జీకి కవలలు పుట్టారని సాయంత్రానికి తెలిసింది.

నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట అధికారులందరూ ముక్కు మీద ‘పత్ర పరిశీలక ఉపకరణం’ ధరించవలెను. ఇది కళ్ళద్దాలు కాదు. చూపు చక్కగా ఉన్నవారికి మాత్రమే ఇది మంజూరు చేయబడును. ఉపకరణాన్ని ప్రతిపాదించినందుకు డేగకన్ను గారికి ప్రమోషను!

నర్సమ్మ లైసెన్సు కూడా ఆ వారమే పోస్టులో వచ్చింది. బండాపి, అద్దాలు పెట్టుకుని, అడుగున ఎర్ర సిరాతో ఉన్న వాక్యం చదువుకుంది: “ఈమెకు దృష్టిలోపం గలదు. ఈమె రోడ్డు మీద కనబడినచో ప్రజలు తగు జాగ్రత్త వహించవలెను.”

కింద సంతకం డేగకన్ను గారిది. ఈసారి సరిగ్గా గీత మీదే ఉంది.