టీ తప్పించుకున్న ఉపవాసం

బుధవారం పొద్దున్నే పాస్టరుగారు మోటారు సైకిలు తుడుచుకుంటూ ఆ రోజు పని మనసులో సర్దుకున్నారు. ఆయన చూసుకోవలసిన సంఘాలు మూడు. ఒకటి స్టేషను దగ్గర, ఒకటి వంతెన దగ్గర, ఒకటి కొండ కింద. ఆదివారాలు పెద్ద ఇబ్బంది లేదు. మూడు చోట్లా ఒకే ప్రసంగం చెప్పుకు రావచ్చు, మూడో చోటికి చేరేసరికి అది ఆయనకే నచ్చడం మొదలవుతుంది. బుధవారం ఇళ్ల దర్శనం. అక్కడ ఆ వెసులుబాటు లేదు. ఏ ఇంటి ప్రార్థన ఆ ఇంటిదే, ఏ ఇంటి టీ ఆ ఇంటిదే.

అసలు చిక్కంతా ఆ టీతోనే. ప్రార్థన కాస్త పొట్టిగా ముగించినా సంఘస్థులు సర్దుకుపోతారు గానీ, టీ తాగకుండా లేచి వెళితే ఆ ఇంటివాళ్లు ఆదివారం దాకా ముఖం ముడుచుకుని కూర్చుంటారు.

"ఏమైనా తిని వెళ్లండి" అంది భార్య గుమ్మంలోంచి.

"ఇప్పుడేం వద్దు. మధ్యాహ్నానికి వచ్చేస్తా. నువ్వు మాత్రం గట్టిగా వండు, పొద్దుటి నుంచే ఆకలిగా ఉంది" అన్నారాయన. ఆ మాట తరువాత ఎంత చేటు తెస్తుందో ఆయనకు అప్పుడు తెలియదు.

ఇల్లిల్లూ తిరిగి, టీ మీద టీ తాగి, కొండ కింద సంఘంలో ఆఖరి ఇంటికి చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆ ఇల్లు మిషను పెద్దమ్మది. ఒంటరి మనిషి. ఊళ్లో సగం మంది బట్టలు ఆమె చేతి మీదుగానే వెళతాయి. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద దారపు ఉండల మధ్య మాత్రల డబ్బా. ఆమెకు చాలా ఏళ్లుగా షుగరు. ఆ షుగరు తగ్గాలని వారం వారం ప్రార్థన చేసేది పాస్టరుగారే. ఆయన ఆమేన్ అనగానే ఆమె లేచి స్టవ్ వెలిగించేది.

పెద్దమ్మ మంచితనం గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. పెద్దమ్మ టీ గురించి మాట్లాడాలంటే మాత్రం ధైర్యం కావాలి. అది టీ కాదు, పాకం. ఒక గుటక వేస్తే సాయంత్రం దాకా పెదవులు అంటుకునే ఉండేవి. ఒకసారి ఆమె అటు తిరిగినప్పుడు పాస్టరుగారు సగం గ్లాసు కిటికీ బయటున్న పూలమొక్కకు పోశారు. ఆ మొక్క ఇప్పుడు లేదు.

ఆ బుధవారం ఆయన కడుపులో ఇంకో టీకి చోటు లేదు. పంచదార డబ్బా మూత చప్పుడు వినగానే ఒళ్లు జలదరించింది.

"పెద్దమ్మా, ఇవాళ నాకు వద్దు."

"ఏం అయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?"

బాగాలేదంటే ఇంకేదో కాచి ఇస్తుంది, అందులోనూ పంచదార వేస్తుంది. పాస్టరుగారికి నోటికొచ్చింది ఒక్కటే.

"ఉపవాసంలో ఉన్నాను."

పక్కింట్లో తాగిన టీ చుక్క ఆయన చొక్కా మీద ఇంకా ఆరలేదు. ఆయన దాని మీద బైబిలు అడ్డం పెట్టుకున్నారు.

"దేనికోసం అయ్యగారూ?" అంది పెద్దమ్మ, డబ్బా పక్కన పెట్టేసి.

అంత దూరం ఆయన ఆలోచించలేదు. కిటికీలోంచి చూస్తే చర్చి గోడకు ఆనించిన మైకుసెట్టు పెట్టె కనిపించింది. మూడు సంఘాలూ కలిసి కొనుక్కున్న మైకుసెట్టు అది. ఒక పెళ్లిలో కాలిపోయింది. కాల్చింది వంతెన వాళ్లేనని స్టేషను వాళ్లు, స్టేషను వాళ్లేనని వంతెన వాళ్లు, మీరిద్దరూ కలిసి కాల్చి మా గోడకు చేర్చారని కొండ కింద వాళ్లు. రెండేళ్లుగా ఒకరి చర్చి గుమ్మం ఒకరు తొక్కలేదు.

"మన మూడు సంఘాలూ కలవాలని" అన్నారు పాస్టరుగారు.

"ఎన్నాళ్లు ఉంటారు?"

"దేవుడు ఎంతవరకు నడిపిస్తే అంతవరకు." జవాబు లేనప్పుడల్లా ఆయన ఈ మాటే వాడేవారు. చర్చి పైకప్పు ఎప్పుడు వేయిస్తారని అడిగినప్పుడు కూడా ఇదే చెప్పారు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "మా తగవుల కోసం మీరు కడుపు మాడ్చుకుంటున్నారా" అంటూ స్టవ్ ఆర్పేసింది. పాస్టరుగారికి చిన్నగా సిగ్గేసిన మాట నిజం. అయితే బండి ఎక్కి మలుపు తిరిగేసరికి ఆ సిగ్గు పోయి, ఇంట్లో వేడి భోజనం గుర్తొచ్చింది.

ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. ఆయన బండి కంటే పెద్దమ్మ ఫోను ముందొచ్చింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అంది భార్య. ఆమె గొంతులో పెళ్లయిన కొత్తలో తప్ప మళ్లీ వినని గౌరవం ఉంది. "గట్టిగా వండమన్నది నన్ను పరీక్షించడానికేనని ఇప్పుడు అర్థమైంది. వండినదంతా పక్కింటి వాళ్లకు ఇచ్చేశాను. నేనూ మీతోపాటే ఉంటాను." అని గ్లాసెడు మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అప్పుడే నిజం చెప్పేస్తే కథ అక్కడితో తెమిలిపోయేది. కానీ ఆ గౌరవం చూశాక ఆయనకు దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు. నీళ్లు తాగేశారు.

మర్నాడు ఆయన ఊరూ పేరూ తెలిసినవాళ్లు ఉండని బస్టాండు వెతుక్కుంటూ చాలా దూరం వెళ్లి, ఒక బన్ను కొన్నారు. నోటి దగ్గరికి తీసుకెళ్లేంతలో వెనకనుంచి "అయ్యగారూ" అని వినిపించింది. స్టేషను సంఘ పెద్ద. రిటైరైన బస్సు కండక్టరు. రిటైరైనా ఆయన కాళ్లు బస్టాండ్లకే పోతాయి.

"మా సంఘమంతా మొదలుపెట్టాం అయ్యగారూ. పగలు పస్తు, రాత్రి ఒక్కపూట. వంతెన వాళ్లు నిన్న సాయంత్రమే మొదలుపెట్టారట. పస్తులో కూడా వాళ్లు మాకంటే ముందుంటే ఇంక మా పరువేం కావాలి?" అంటూండగా ఆయన చూపు బన్ను మీద పడింది.

"ఇది... ఎవరైనా ఆకలితో ఉన్నవాడు కనిపిస్తే ఇద్దామని" అన్నారు పాస్టరుగారు. ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు గానీ, కండక్టరు అర్థం చేసుకున్న తీరు వేరు.

"తాను పస్తుండి కూడా ఇంకొకరి ఆకలి చూసే మనిషి మీరు. ఇలా ఇవ్వండి, ఆ పుణ్యం నేను చేస్తాను" అని బన్ను పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ సంగతి సాయంత్రానికల్లా మూడు సంఘాలకూ చేరింది.

అప్పటినుంచి పాస్టరుగారు క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు ఒకటి బైబిలు సంచిలో దాచుకుని, దారిలో కల్వర్టు మీద కూర్చుని, హెల్మెట్ తీయకుండానే ఒక్కొక్కటీ లోపలికి తోసుకోవడం మొదలుపెట్టారు. సిగ్గు వేసేది. ఆకలి అంతకంటే ఎక్కువ వేసేది. ఇంటికొచ్చి, ఎండిన పెదవులతో ఎదురొచ్చే భార్య మొహం చూడలేక గోడకేసి చూస్తూ మాట్లాడేవారు. దాన్ని ఆమె ధ్యానం అనుకునేది.

ఇంతలో జరగవలసిన విచిత్రం జరిగింది. వంతెన సంఘ పెద్ద కాంపౌండరు. స్టేషను వాళ్లు దొంగచాటుగా తింటున్నారేమో చూద్దామని ఆయన స్టేషనుకు బయలుదేరాడు. కండక్టరు అదే అనుమానంతో ఎదురొచ్చాడు. ఇద్దరూ దారి మధ్యలో నిలబడి పోట్లాట మొదలుపెట్టారు గానీ, ఇద్దరికీ ఓపిక లేదు. కల్వర్టు మీద చతికిలపడ్డారు. కాసేపటికి కండక్టరు "మైకు వైరు తప్పుగా పెట్టింది మావాడేలే" అన్నాడు. "పెట్టనిచ్చింది మావాడు" అన్నాడు కాంపౌండరు. ఆదివారం మూడు సంఘాలూ కొండ కింద చర్చిలో కలవాలనీ, పాస్టరుగారి చేతుల మీదుగా ఉపవాసం విడవాలనీ అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

రెండేళ్ల ప్రసంగాలకు జరగనిది ఒక్క అబద్ధానికి జరిగింది. ఇప్పుడు నిజం చెబితే కలిసినవాళ్లు మళ్లీ విడిపోతారు. చెప్పకపోతే తన మొహం తాను అద్దంలో చూసుకోలేరు. ఆదివారం గడవనిచ్చి సోమవారం చెబుదామనుకున్నారు పాస్టరుగారు. అందరి గురించీ ఆలోచించారు గానీ, మాత్రలు వేసుకునే మిషను పెద్దమ్మ కూడా తనతోపాటు పస్తుంటుందేమోనని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. ఒకే బల్ల మీద స్టేషను వాళ్లూ వంతెన వాళ్లూ ఒదిగి ఒదిగి కూర్చున్నారు. పిల్లల చేతుల్లోని చాక్లెట్లు కూడా గుమ్మం దగ్గరే లాక్కుని ఇళ్లకు పంపేశారు. కండక్టరు లేచి బన్ను సంగతి సాక్ష్యంగా చెప్పాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. పాస్టరుగారు తల వంచుకుని నేల పగుళ్లు లెక్కబెడుతూ కూర్చున్నారు. వినయం అంటే అదీ అని ఎవరో మెచ్చుకున్నారు.

ఆయన ప్రసంగానికి లేచి నోరు తెరిచేంతలో, ముందు వరసలో కూర్చున్న మిషను పెద్దమ్మ ఒళ్లంతా చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయింది.

కాంపౌండరు ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మాత్ర వేసుకున్నావా పెద్దమ్మా?"

ఆమె తలూపింది.

"తిన్నావా?"

"నిన్నటి నుంచి... అయ్యగారే తినడం లేదు కదా" అంది, మాట ముద్దముద్దగా.

"షుగరు పడిపోయింది. తీపి ఏదైనా ఇవ్వండి, త్వరగా."

సంచులు తెరుచుకున్నాయి, జేబులు తిరగబడ్డాయి. చర్చి నిండా జనం, ఒక్కరి దగ్గరా తినే వస్తువు లేదు. ఎవరో ఒకతను ఇంటికి పరిగెత్తాడు. అతను ఎప్పుడు వెళ్లి ఎప్పుడు రావాలి? పాస్టరుగారి మోచేతి పక్కనే బైబిలు సంచి ఉంది. ఆయన దానికేసి చూశారు, జనం కేసి చూశారు. చూసినంతసేపు ఆలస్యం చేశారు. ఆ ఆలస్యమే ఆయనను తరువాత చాలాకాలం బాధపెట్టింది. ఆఖరికి సంచిలో చెయ్యి పెట్టి, సగం ఖాళీ అయిన క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు బయటికి తీశారు.

కాగితం చప్పుడు చర్చి అంతా వినిపించింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని బిస్కెట్టు తుంచి పెద్దమ్మ నోట్లో పెట్టారు. తరువాత ఇంకొకటి. ఆమె మెల్లగా నమిలింది. కాసేపటికి కళ్లు తేటపడ్డాయి.

"క్రీము బిస్కెట్లా" అంది వెనకనుంచి పాస్టరుగారి భార్య.

పాస్టరుగారు అలాగే మోకాళ్ల మీద ఉండి చెప్పారు. "నేను ఉపవాసంలో లేను. బుధవారం కూడా లేను. పెద్దమ్మ టీ తాగలేక అబద్ధం ఆడాను. మీరంతా దాన్ని నమ్మి కడుపులు మాడ్చుకుంటూంటే నేను బిస్కెట్లు తిన్నాను. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం కూడా చెప్పేవాణ్ణో లేదో నాకే తెలియదు."

"మరి ఆ బన్ను?" అన్నాడు కండక్టరు.

"నాకోసం కొనుక్కున్నదే."

కండక్టరు మెల్లగా కూర్చున్నాడు. "దాన్ని నేనే తిన్నాను" అన్నాడు. కాంపౌండరు ఆయనకేసి అనుకున్నంతా అయిందన్నట్టు ఒక చూపు చూశాడు.

పెద్దమ్మ లేచి కూర్చుంది. "నా టీ అంత బాగుండదా అయ్యగారూ?"

"తీపి ఎక్కువ పెద్దమ్మా."

"ఎక్కువే వేస్తాను. నన్ను తీపి ముట్టుకోవద్దన్నారు కదా. నా వంతు కూడా మీ గ్లాసులోనే వేస్తాను. నేను తాగకపోయినా నా ఇంట్లో ఒకరు తాగుతున్నారు కదా అని."

పాస్టరుగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లు ప్రార్థనలు చేసింది ఈయన, ప్రేమగా పెట్టింది ఆమె. ఆ పెట్టినదాన్ని ఈయన మొక్కకు పోశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఎవరూ దాన్ని భక్తి అనుకోలేదు.

పెద్దమ్మను ఇంటికి నడిపించారు. వేడిగా ఏదైనా తాగాలి, ఈ ఒక్కసారికి పంచదార వేసినా పర్వాలేదన్నాడు కాంపౌండరు. పాస్టరుగారే స్టవ్ వెలిగించారు. పెద్దమ్మ మంచం మీదనుంచి "ఇంకో చెంచా. ఇంకోటి. మీకు వేసినట్టే వేయండి" అని కొలత చెబుతూ వచ్చింది. మూడు సంఘాల పెద్దలూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆమె గ్లాసు అందుకుని ఒక గుటక వేసింది. మొహం చిట్లించింది. ఎంతోసేపటికి గానీ అది గొంతు దిగలేదు.

"ఇదేనా అయ్యగారూ, ఇన్నేళ్లూ తాగారు?"

"ఇదే పెద్దమ్మా."

"మరి అబద్ధం ఆడటానికి ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

గుమ్మంలో మొదట నవ్వింది పాస్టరుగారి భార్య. ఇంటికెళ్లాక మాత్రం ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడు సంఘాలూ విడిపోలేదు. మైకుసెట్టు కలిసి బాగు చేయించుకున్నారు, పాస్టరుగారిని కూడా కలిసే తిట్టుకున్నారు. ఇక ఎన్నడూ అబద్ధం ఆడనని ఆయన ఆ ఆదివారమే అందరి ముందూ మాట ఇచ్చారు.

బుధవారం వచ్చింది. ఆఖరి ఇంట్లో ప్రార్థన అయ్యాక పెద్దమ్మ కొత్త టీ పెట్టింది. ఈసారి పంచదార ఒక్క పలుకు కూడా వేయలేదు. పొడి మాత్రం, ఆ లోటు తీర్చాలని, రెండింతలు వేసింది. పాస్టరుగారు అడుగుదాకా తాగారు. ఆయన మొహంలోకే చూస్తూ "ఇప్పుడు బాగుందా అయ్యగారూ?" అని అడిగింది.

"చాలా బాగుంది పెద్దమ్మా" అన్నారు పాస్టరుగారు.

ఆదివారం ఇచ్చిన మాటను ఆయన బుధవారం దాకా నిలబెట్టుకున్నారు.