బాల్కనీలో నీలం చొక్కా

ఆ శనివారం ఉదయం మార్తీజ్ వేసుకున్న పథకం చాలా సాదాది. టీ తాగాలి, కాగితం మీద నిలువుగా గీత గీసి ఒక పక్క ఇటలీ, ఇంకో పక్క స్లొవేకియా అని రాసుకుని తీరిగ్గా ఆలోచించాలి, పన్నెండులోగా రెండింటిలో ఒక పశువైద్య కళాశాలకు జవాబు పంపాలి. మాల్టాలో పుట్టినవాళ్ళు పశువుల డాక్టరు కావాలంటే సముద్రం దాటక తప్పదు. పన్నెండు దాటిందా, రెండు సీట్లూ పోతాయి.

ఇటలీ దగ్గర. నాన్న మేకజున్ను పట్టుకుని నెలకోసారి చూడ్డానికి రాగలడు. స్లొవేకియా దూరం, చలి, భాష రాదు. కానీ అక్కడ మొదటి నెల నుంచే కొట్టంలోకి దింపుతారు. మార్చిలో చూసి రావడానికి వెళ్ళినప్పుడు ఒక ముసలి ఆవు ఆమె అరచేతిని నాకింది. అప్పటినుంచీ మనసు అక్కడే తిరుగుతోంది. ఆ మాట నాన్నతో అనడానికి మాత్రం నోరు రావడం లేదు.

ఆమె గీత గీస్తున్న సమయానికే తల్లి జోవన్నా చర్చి ఉత్సవం ముందని ఇంట్లో గుడ్డ అన్నదల్లా ఉతికేసింది. మేడ మీద తాడు నిండిపోయింది. మిగిలిన ఒక్క చొక్కాను వీధివైపు బాల్కనీ మీద ఆరేసింది. అది స్లొవేకియా కళాశాలవాళ్ళు ఇచ్చిన చొక్కా. ముదురు నీలం.

ఇంకే ఊళ్ళోనైనా చొక్కా ఆరిపోయేది. ఈ ఊళ్ళో రెండు బ్యాండు క్లబ్బులున్నాయి. సెయింట్ జోసెఫ్‌ది ఎరుపు, మరియమాతది నీలం. ఒక క్లబ్బు పిల్ల ఇంకో క్లబ్బు పిల్లాడికి పిప్పరమెంటు ఇచ్చినా కమిటీలో చర్చకు వస్తుంది. మార్తీజ్ తండ్రి సల్వు ఎర్రక్లబ్బు అధ్యక్షుడు. పంతొమ్మిదేళ్ళుగా ఊరేగింపులో జోసెఫ్ విగ్రహాన్ని మోసే కొయ్యల్లో ముందు కుడికొయ్య ఆయన భుజం మీదే. ఉత్సవానికి ఇంకా వారమే ఉందని బాల్కనీ నిండా ఎర్రపట్టు పరిచారు. దాని నట్టనడుమ ఇప్పుడు నీలం చొక్కా.

ఎదురింటి వెంజా చూసింది. ఆమె చూసిందంటే ఊరంతా చూసినట్టే. తొమ్మిదికల్లా సల్వు పార్టీ మారాడన్న కబురు గుప్పుమంది. తొమ్మిదిన్నరకు కారణం కూడా దొరికింది. జోవన్నా పుట్టిల్లు నీలం; ఆమె అన్న నార్దు నీలం క్లబ్బు అధ్యక్షుడు. ముప్పై ఏళ్ళు ఓపిక పట్టి మొగుణ్ణి మొత్తానికి తిప్పేసిందట. నిజమా అని అడగడానికి చుట్టాలందరూ మార్తీజ్‌కే ఫోన్ చేశారు. పదిన్నరకు ఆమె ఫోన్‌లో చార్జి అయిపోయింది.

సల్వు మేకలకు మేతవేసి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు నీలం బ్యాండు వాయిస్తోంది. నార్దు చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రా బావా, రా. ఆలస్యమైనా మంచి బుద్ధి పుట్టింది నీకు."

"నాకేం పుట్టింది? ఎవరి పెళ్ళి ఇక్కడ?"

నార్దు వేలు పైకెత్తి చూపించాడు. సల్వు చొక్కా చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

"నన్నలా చూడకు. ఉతికిన బట్ట ఎండ చూసి ఆరేస్తారు గానీ పార్టీ చూసి ఆరేస్తారా?" అంది జోవన్నా.

ఈలోగా ఎర్రబ్యాండు కూడా చక్కా వచ్చింది. అది అమ్మాయి కాలేజీ చొక్కా అని సల్వు గొంతు చించుకుని చెప్పాడు. దాంతో గొడవ చల్లారలేదు, దారి మళ్ళింది.

"నీలం కాలేజీయే దొరికిందా మీ అమ్మాయికి? ఎర్రది లేదా?" అన్నాడు ఎర్రక్లబ్బు కార్యదర్శి.

"ఉంది. ఇటలీది ఎరుపే."

"మరింకేం? చెప్పెయ్."

పీకల మీదికొచ్చేసరికి సల్వు బాల్కనీ ఎక్కి, కూతురు ఇటలీకే వెళ్తుందని ప్రకటించేశాడు. ఎర్రవాళ్ళు సంబరంగా మైకుసెట్టు తెచ్చి వీధి స్తంభానికి తగిలించారు. ఊరుకుంటే పరువేముందని నీలంవాళ్ళూ ఇంకో సెట్టు తెచ్చి అదే స్తంభానికి తగిలించారు. స్తంభం ఎవరి పక్షమూ వహించలేదు. టప్పున పేలి వీధి మొత్తానికీ కరెంటు తీసేసింది.

మార్తీజ్ కంప్యూటర్ వదిలేసి మెట్లు దిగి వచ్చింది. "నాన్నా, నెట్టు పోయింది. పదిహేను నిమిషాలే ఉంది."

"మా క్లబ్బులో జనరేటరుంది," అన్నాడు నార్దు మెల్లిగా.

సల్వు ఆ గడప తొక్కి ముప్పై ఏళ్ళయింది, అది కూడా జోవన్నాను ఇమ్మని అడగడానికి. కార్యదర్శి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆలోచించుకో. లోపలికెళ్తే కుడికొయ్య ఉండదు."

"పిల్ల సీటు పోయాక ఆ కొయ్య మోసి నేనేం చేసుకోను?" అని చెయ్యి విదిలించుకుని సల్వు కూతురి వెంట నడిచాడు. మార్తీజ్‌కు ఏడుపొచ్చింది, దాంతోపాటే ధైర్యమూ వచ్చింది.

నీలం క్లబ్బు కంప్యూటర్ ముందు కూర్చుని, వెనక్కి తిరక్కుండానే అంది. "నాన్నా, నాకు స్లొవేకియా కావాలి. చొక్కా గురించి కాదు. అక్కడ ఆవులున్నాయి. పైగా నేను ఏ క్లబ్బుదాన్నో అక్కడ అడిగేవాడు లేడు."

"ఇందాక ఇటలీ అని ఊరంతటికీ చెప్పాను కదే."

"చెప్పావు. వెళ్ళేది నేను కదా నాన్నా."

సల్వు తెరమీద గడియారం చూశాడు. పన్నెండుకు నాలుగు నిమిషాలుంది. "అక్కడ మంచు పడుతుంది. మందపాటి కోటు కొనాలి," అన్నాడు.

"నీలంది కొను," అన్నాడు నార్దు.

మార్తీజ్ మీట నొక్కేసింది.

ఎర్రక్లబ్బు సల్వును వెనక ఎడమకొయ్యకు మార్చింది. అక్కడ ఎండ తక్కువని ఆయన ఇంట్లో చెప్పుకున్నాడు. అక్టోబరులో మార్తీజ్ ఒంటరిగా విమానమెక్కి, ఎవరూ ఏమీ అడగని దేశంలో హాయిగా దిగింది. మొదటి రోజు భోజనాల హాల్లో పళ్ళెం పట్టుకుని నిలబడగానే ఒక అమ్మాయి అడిగింది, "నువ్వు ఆవులవైపా, గుర్రాలవైపా? బల్లలు వేరు." మార్తీజ్ మేకలవైపు అని చెప్పి, ఖాళీగా ఉన్న మూడో బల్ల దగ్గర కూర్చుంది.

వారం తిరిగేసరికి ఆ బల్ల దగ్గర ఏడుగురయ్యారు. ఒక జెండా కుట్టించి పంపమని ఆమె నాన్నకు కబురు పెట్టింది.